రీకాయిల్ ప్యాడ్: మెత్తదనం కంటే ముందు పొడవు చూసుకోండి

షాట్‌గన్ తన్నుకి భుజం కమిలితే చాలామంది దొరికినవాటిలో అతి మెత్తటి రీకాయిల్ ప్యాడ్ (తుపాకీ భుజానికి ఆనే చివర బిగించే రబ్బరు మెత్త) తెచ్చి బిగిస్తారు. నొప్పి తగ్గకపోతే ఇంకా మందమైనది వెతుకుతారు. అలా వెళ్ళేకొద్దీ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) పొడవు పెరుగుతుంది. స్టాక్ వెనక చివర, అంటే మడమ, భుజం గుంటలో కూర్చోకుండా చేతి కండ మీదకు జారి దెబ్బ ఎముకకు తగులుతుంది. ఐదడుగుల ఐదారంగుళాల మనిషికీ, మన ఇళ్ళలో ఆడవాళ్ళకీ, అమెరికాలో స్కూలు క్లే (గాల్లోకి విసిరిన మట్టి పళ్ళాలను కొట్టే ఆట) టీముల్లో చేరుతున్న మన పిల్లలకీ ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అందుకే నేను చెప్పే క్రమం ఇది: ముందు పొడవు, తర్వాత బిగించే పద్ధతి, ఆఖరున రబ్బరు. బజారులో అమ్మకాలు మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతాయి.

ప్యాడ్ ఎంతవరకు పనిచేస్తుందో ముందే తెలిస్తే ఆశలు అదుపులో ఉంటాయి. ఏడున్నర పౌండ్ల 12 గేజ్ (మన దగ్గర 12 బోర్ అనేది) తుపాకీలో 1.125 ఔన్సుల గుళ్ళను సెకనుకు 1200 అడుగుల వేగంతో పంపే తూటా కాలిస్తే, వెనక్కి వచ్చే శక్తి సుమారు 19 అడుగు-పౌండ్లు. ఏ ప్యాడ్ వేసినా ఆ శక్తి దాదాపు అంతే ఉంటుంది. ప్యాడ్ ఆ తోపును ఇంకొంచెం ఎక్కువ సేపటికి, ఇంకొంచెం ఎక్కువ వైశాల్యానికి పంచుతుంది. అదే వేగంతో 0.875 ఔన్సు తూటా వాడితే శక్తి 12 దరిదాపులకు దిగిపోతుంది. అంటే డబ్బా మార్చడంతోనే మూడో వంతు తన్ను పోయింది. మట్టి పళ్ళాలు కొట్టే ఆటకు ఆ తూటా చక్కగా సరిపోతుంది. కాబట్టి స్టాక్‌కి రంపం పెట్టేముందు ఒక డబ్బా తేలిక తూటాలు కాల్చి చూడండి. దానితోనే భుజం కుదుటపడితే మిగతా ఖర్చంతా మిగిలినట్టే.

ముందు టేపు తీయండి

పొడవు అంటే ట్రిగ్గర్ ముందు వంపు నుంచి ప్యాడ్ వెనక ముఖం మధ్య వరకు ఉన్న దూరం. కంపెనీ నుంచి వచ్చే పెద్దల షాట్‌గన్లలో ఎక్కువ భాగం 14 నుంచి 14.75 అంగుళాల మధ్య ఉంటాయి. ఐదడుగుల ఐదారంగుళాల మనిషికి తరచుగా సరిపోయేది 13.5 నుంచి 14 లోపు. మోచేయి మడిచి, ఆ మడతలో మడమ ఆనించి, వేలు ట్రిగ్గర్‌ను అందుకుంటుందా అని చూసే పాత పద్ధతి చేతి పొడవును మాత్రమే కొలుస్తుంది. మెడ, ఛాతీ, నిలబడే తీరు దానికి లెక్కలోకి రావు. దాని బదులు తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, కళ్ళు మూసి భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్ళు తెరవండి. ముక్కుకీ, పట్టు మీదున్న బొటనవేలి కణుపుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంటే పొడవు సుమారుగా కుదిరినట్టు. ముక్కు వేలికి తగులుతుంటే పొట్టి. ఎత్తేటప్పుడు మడమ చంక దగ్గర బట్టకు పట్టుకుంటుంటే పొడుగు.

ఏ బట్టల్లో కాలుస్తారో ఆ బట్టల్లోనే కొలవండి. టెక్సస్‌లో టీషర్టు మీద కుదిరిన పొడవు మిన్నెసోటా నవంబరులో మందపాటి కోటు మీద అర అంగుళం ఎక్కువనిపిస్తుంది. రెండు రకాల వాతావరణంలోనూ వాడేవాళ్ళు పొట్టి వైపే మొగ్గాలని నా అభిప్రాయం. పొట్టి స్టాక్‌ను తొడుగుతోనో, స్పేసరుతోనో (స్టాక్‌కీ ప్యాడ్‌కీ మధ్య పెట్టే పలక) పెంచుకోవచ్చు. పొడుగు స్టాక్‌ను అలా అప్పటికప్పుడు తగ్గించలేం.

దీనితోపాటు చూడాల్సిన ఇంకో కొలత పిచ్, అంటే మడమ ముఖం వాలు. తుపాకీని నేల మీద మడమ పూర్తిగా ఆనేలా నిలబెట్టి, రిసీవర్ (బారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఉండే లోహ భాగం) పైభాగాన్ని గోడకు తాకిస్తే బారెల్ కొన గోడకు ఎంత దూరంలో ఉందో అదే పిచ్. చాలా తుపాకుల్లో ఒకటి నుంచి మూడు అంగుళాలు ఉంటుంది. ఛాతీ నిండుగా ఉన్నవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఇది తక్కువైతే మడమ కింది మూల గుచ్చుకుంటుంది. ప్యాడ్ మొత్తం మెత్తగా ఉన్నా ఆ ఒక్క మూలే నొప్పి పెడుతుంటే తప్పు రబ్బరుది కాదు, వాలుది. కోసే పని ఉంటే ఆ కోతలోనే దీన్నీ సరిచేసుకోవచ్చు.

నాలుగు దారులు

అన్నిటికంటే తేలిక తొడుగు ప్యాడ్. రబ్బరుది సాక్సులా లాగి తొడుగుతారు, తోలుది తాడుతో కడతారు. పొడవు అర అంగుళం నుంచి అంగుళం దాకా పెరుగుతుంది. కాబట్టి ఇప్పటికే స్టాక్ పొడుగ్గా ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు. ఎవరికి బాగుంటుందంటే, పొట్టి స్టాక్ ఉన్నవాళ్ళకు, అద్దె తుపాకీయో స్నేహితుడి తుపాకీయో వాడేవాళ్ళకు, విలువైన పాత తుపాకీ ఉన్నవాళ్ళకు. ఈ మూడోది గట్టిగా చెప్పాలి. పాత వించెస్టర్ మోడల్ 12, బ్రౌనింగ్ సూపర్‌పోజ్డ్, పార్కర్ లాంటి వాటి అసలు స్టాక్ కోస్తే సేకరించేవాళ్ళ దృష్టిలో విలువ పడిపోతుంది, మళ్ళీ రాదు. వాటికి తోలు తొడుగే న్యాయం.

రెండోది ప్రీ-ఫిట్. ఫలానా కంపెనీ ఫలానా మోడల్ అని నంబరు ప్రకారం అచ్చుపోసి అమ్ముతారు. పాక్‌మేర్, లింబ్‌సేవర్ వాళ్ళ జాబితాల్లో రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 లాంటి వాడుకలో ఉన్న మోడళ్ళకు దొరుకుతాయి. రెండు స్క్రూలు విప్పడం, రెండు బిగించడం, అరగంట పని. ప్లాస్టిక్ స్టాక్ అచ్చులోంచే వస్తుంది కనుక అంచులు బాగా కలుస్తాయి. చెక్క స్టాక్‌లు ఒక్కోటి ఒక్కోలా అరగదీసి ఉంటాయి కనుక అంచు చుట్టూ గోరుకి తగిలేంత మెట్టు మిగలొచ్చు. కాల్చడానికి దానితో ఏ ఇబ్బందీ లేదు. కంటికి నచ్చకపోతే తర్వాత చూసుకోవచ్చు. చెక్క అసలు పొడవు మీకు సరిపోతే వేరే ఆలోచన పెట్టుకోకుండా ఇదే తీసుకోమంటాను.

ప్రీ-ఫిట్ కొనేవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటుంది. స్టాక్ వెనక నుంచి ముందుకు సన్నబడుతూ వస్తుంది. ఒక అంగుళం కోశారంటే కోసిన చోట ముఖం ముందున్నదాని కంటే చిన్నది. అదే మోడల్‌కి అచ్చుపోసిన ప్రీ-ఫిట్ అక్కడ చుట్టూ బయటకు పొడుచుకొస్తుంది, స్క్రూ రంధ్రాలూ కలవకపోవచ్చు. కోస్తే మూడో దారి తప్పదు.

ఆ మూడోదే గ్రైండ్-టు-ఫిట్. కావాలనే పెద్దగా చేసిన ప్యాడ్‌ను మీ స్టాక్ రూపానికి అరగదీయాలి. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, 0.6 నుంచి 1.1 అంగుళాల మందాల్లో వస్తాయి. స్టాక్ ముఖాన్ని పూర్తిగా కప్పే సైజుల్లో అతి చిన్నది తీసుకోండి. ఎంత తక్కువ అరిగితే అంత తక్కువ ధూళి, అంత తక్కువ తప్పు. పని ఒక మధ్యాహ్నం పడుతుంది, చేతికి ఓపిక కావాలి. కానీ బాగా కుదిరినప్పుడు చెక్క ఎక్కడ ఆగిందో రబ్బరు ఎక్కడ మొదలైందో వేలికి తెలియదు.

నాలుగోది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) చేతికివ్వడం. ఖరీదైన చెక్క, చెక్కుడు పనితనం, వంపు తిరిగిన స్టాక్, ఇంట్లో బెల్ట్ శాండర్ (గరుకు పట్టీతో అరగదీసే యంత్రం) లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ డబ్బు దండగ కాదు. ఒకే ఒక్క ప్యాడ్ కోసం శాండరూ, జిగ్గూ (ప్యాడ్‌ను సరైన వాలులో పట్టుకునే సాధనం) కొంటే కూలి కంటే ఎక్కువే అవుతుంది. ఇంట్లో చెక్కపని అలవాటున్నవాళ్ళ లెక్క వేరు.

ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు మీద 12 బోర్ ఉన్నవాళ్ళు స్టాక్‌కి రంపం పెట్టే పని లైసెన్సున్న డీలరుకే వదిలేయడం మంచిది. 1959 ఆయుధాల చట్టం తుపాకుల మరమ్మతును కూడా లైసెన్సు కిందకే తెచ్చింది. ఇంట్లో మాత్రం తొడుగు ప్యాడ్‌తో సరిపెట్టుకోండి. అమెరికాలో హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. ప్యాడ్ కంటే ముందు ఇది తేల్చుకోండి.

కోయాలా, వద్దా

లెక్క సులువే: కావాల్సిన పొడవులోంచి కొత్త ప్యాడ్ మందం తీసేస్తే మిగలాల్సిన చెక్క వస్తుంది. ఇప్పుడున్న మొత్తం 14.5, అందులో పాత ప్యాడ్ 0.75 అనుకుందాం. చెక్క 13.75 అన్నమాట. మీకు కావాల్సింది కూడా 13.75, కొత్త ప్యాడ్ మందం 1 అంగుళం. అయితే చెక్క 12.75 ఉండాలి, అంగుళం కోయాలి. ఈ లెక్క వేశాక చాలామందికి అంగుళం మందం ప్యాడ్ మీద మోజు కాస్త తగ్గుతుంది. 0.6 అంగుళాల ప్యాడ్ తీసుకుంటే కోత కూడా తగ్గుతుంది. పొడవు సరిపోయిన స్టాక్ మీద పలచటి ప్యాడ్, పొడుగు స్టాక్ మీద మందపాటి ప్యాడ్ కంటే భుజానికి హాయిగా ఉంటుంది. నేను ఏ రెండింటి మధ్య ఎంచుకోమన్నా ఇదే చెబుతాను.

చెక్క కోసేటప్పుడు గీత చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, టేపు మీద గీసి, పదునైన చాకుతో గీత వెంట గాటు పెట్టి, సన్న పళ్ళ రంపంతో గీతకు కొద్దిగా వెనకగా కోయాలి. మిగిలిన వెంట్రుక వాసి గరుకు కాగితంతో తీయొచ్చు. స్టాక్ రెండు పక్కలా సన్నబడుతుంది కనుక రంపం బల్ల మీద నేరుగా పెడితే కోత వంకర పోతుంది. కింద సన్నటి చెక్క ముక్కలు పెట్టి మట్టం చేశాకే రంపం ఆడించండి. కోసిన ముఖానికి ఆయిలో, వార్నిషో పలచగా పూయండి. బయటపడ్డ చెక్క అడ్డపోగు తేమను బాగా పీలుస్తుంది.

ప్లాస్టిక్ స్టాక్ అయితే కోసే ముందు ప్యాడ్ విప్పి లోపలికి తొంగి చూడండి. చాలావాటి లోపల బోలు. స్క్రూలు పట్టుకునే గుబ్బలు చివరనే అచ్చుపోసి ఉంటాయి, అంగుళం కోస్తే అవీ పోతాయి. అప్పుడు లోపల చెక్క దిమ్మ పెట్టి ఎపాక్సీతో అతికి, దానికి స్క్రూలు వేయాలి. ఇంత కష్టం కంటే అదే తుపాకీకి కంపెనీ అమ్మే పొట్టి స్టాక్ దొరికితే అది మార్చుకోవడం తెలివైన పని. పిల్లలకైతే ఇంకా మంచి దారి ఉంది. మాస్‌బర్గ్ సూపర్ బాంటం లాంటి చిన్న స్టాక్‌లలో స్పేసర్లతో పొడవు 12 నుంచి 13 అంగుళాల మధ్య మార్చుకోవచ్చు. పిల్ల ఎదుగుతుంటే స్పేసరు కలపడమే, రంపం అక్కర్లేదు.

స్టాక్ మీదే అరగదీయడమా, జిగ్ మీదా

గ్రైండ్-టు-ఫిట్ ఎంచుకున్నాక అసలు నిర్ణయం ఇదే. ప్యాడ్‌ను స్టాక్‌కి బిగించి, చెక్కకు రెండు మూడు వరసలు టేపు చుట్టి, ప్యాడ్‌ను చెక్క దాకా అరగదీయడం ఒక పద్ధతి. చెక్క గీతలన్నీ రబ్బరులోకి సహజంగానే కొనసాగుతాయి. కానీ శాండర్ ఒక్క క్షణం టేపు దాటిందంటే పాలిష్ పోయి, కింద చెక్క కూడా తింటుంది. ఎలాగూ పాలిష్ తీసి కొత్తగా వేయబోతున్న స్టాక్‌కి ఇదే అన్నిటికన్నా మంచి పద్ధతి. రబ్బరూ చెక్కా కలిసే అరుగుతాయి, సందు లేకుండా కలుస్తాయి.

ఉన్న పాలిష్ కాపాడాలంటే జిగ్. ప్యాడ్‌ను స్టాక్‌కి బిగించి, చెక్క వైపు నుంచి దాని అంచు వెంట ప్యాడ్ అడుగు పలక మీద సూదితో గీత గీసి, ప్యాడ్ విప్పి జిగ్‌కి బిగించి, శాండర్ మీద ఆ గీత దాకా అరగదీస్తారు. జిగ్ ఎందుకంటే, స్టాక్ కింది గీత మడమ ముఖానికి లంబంగా ఉండదు. వెనక్కి వచ్చేకొద్దీ కిందకు జారుతుంటుంది. ప్యాడ్‌ను చేత్తో బల్ల మీద నిలబెట్టి అరగదీస్తే అంచు లంబంగా వస్తుంది. అప్పుడు కింద గీత చెక్క దగ్గర ఒక కోణంలో, రబ్బరు దగ్గర ఇంకో కోణంలో విరిగినట్టు కనిపిస్తుంది. జిగ్ ప్యాడ్‌ను ఆ వాలుకు వంచి పట్టుకుంటుంది. బి-స్క్వేర్ జిగ్ చాలాకాలంగా ఈ పనికి పేరున్నది. చేత్తో చెక్క ముక్కను ఆ కోణంలో కోసి, దానికి ప్యాడ్ బిగించి కూడా పని గడుపుకోవచ్చు. ఒక్క ప్యాడే చేసేవాళ్ళకు అది చాలు.

యంత్రానికొస్తే, బల్లకు బిగించే 4x36 లేదా 6x48 అంగుళాల బెల్ట్ శాండర్, లేదంటే పెద్ద డిస్క్ శాండర్ ఉండాలి. అంగుళం వెడల్పు బెల్ట్ మీద పొడవాటి పక్కలు అలలు తిరుగుతాయి. గీతకు దూరంగా ఉన్నప్పుడు 60 లేదా 80 గ్రిట్ (సంఖ్య పెరిగేకొద్దీ గరుకు సన్నం), దగ్గరపడ్డాక 120. చివర చేత్తో 220. రబ్బరుతో వచ్చే చిక్కంతా వేడితోనే. గట్టిగా నొక్కితే రబ్బరు కరిగి బెల్ట్‌కి అంటుకుని, మళ్ళీ ప్యాడ్ మీదే పులుముకుంటుంది. తేలిగ్గా తాకించి వెంటనే తీసేయాలి, మధ్యమధ్య చల్లారనివ్వాలి, బెల్ట్‌ను శుభ్రం చేసే రబ్బరు కడ్డీతో తరచు తుడవాలి. నొక్కితే ఇంకో నష్టం కూడా ఉంది. అడుగు పలక గట్టిది, పైన రబ్బరు మెత్తది. నొక్కినప్పుడు రబ్బరు లోపలికి ఒదిగి తప్పించుకుంటుంది. తీశాక పలక అంచు దాటి బయటకు ఉబ్బి నిలుస్తుంది. చేత్తో రుద్దేటప్పుడు కూడా కాగితాన్ని వేళ్ళతో కాకుండా గట్టి చెక్క దిమ్మకు చుట్టి రుద్దాలి. లేకపోతే రబ్బరు గుంటపడుతుంది, పలక గట్టుగా మిగులుతుంది.

అతి మెత్తటి ప్యాడ్లు ఇక్కడే చికాకు పెడతాయి. కొందరు వాటిని కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెట్టి బిగుసుకున్నాక అరగదీస్తారు, కొంత పని చేస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళు మాత్రం పాక్‌మేర్ డిసెలరేటర్ లాంటి కాస్త గట్టి ప్యాడ్‌తో మొదలుపెట్టమంటాను. అరగదీసినప్పుడు అది పొడిగా రాలుతుంది, గీత దగ్గర ఆపడం తేలిక. ఏ ప్యాడ్ అయినా నల్లటి సన్న ధూళి ఇల్లంతా చేరుతుంది. మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకుని గ్యారేజీ తలుపు తెరిచి చేయండి. తుపాకీ లోహ భాగాలను అక్కడ ఉంచకండి.

స్క్రూ రంధ్రాలు కలవకపోతే పాతవి చెక్క కడ్డీతో, జిగురుతో పూడ్చి, ఆరాక కొత్తవి తొలవాలి. కొన్ని ప్యాడ్లలో రంధ్రం రబ్బరు ముఖం మీద కనిపించదు. అడుగు పలక వైపు నుంచి రంధ్రంలోకి సూది పొడిచి ముఖం ఉబ్బిన చోట చిన్న గాటు పెట్టండి. స్క్రూకీ, స్క్రూడ్రైవరు కడ్డీకీ వాజలైన్ రాసి చేత్తో బిగిస్తే గాటు చిరగదు, తర్వాత మూసుకుపోయి కనిపించదు. పవర్ డ్రిల్ పెడితే కడ్డీ రబ్బరును మెలిపెట్టి చించుతుంది.

ఇక రబ్బరు

ట్రాప్ అనే మట్టి పళ్ళాల ఆటలో తుపాకీ ముందే భుజానికి ఆనించి, పళ్ళెం వదలమని పిలుస్తాం కనుక జిగటగా పట్టుకునే మెత్తటి ముఖం లాభమే. స్పోర్టింగ్ క్లేస్ అనే ఇంకో పళ్ళాల ఆటలో, వేటలో తుపాకీ తరచుగా కింద నుంచి పైకి లేస్తుంది. అక్కడ ఆ జిగటే బట్టకు చిక్కుతుంది. అలాంటి వాడకానికి పై మూలలో గట్టి ప్లాస్టిక్ ముక్క ఉన్న స్పోర్టింగ్ ప్యాడో, తోలు కప్పినదో తీసుకోండి. ఇప్పటికే మెత్తది కొనేసి ఉంటే పై మూలను అరగదీసి గుండ్రం చేసి, దాని మీద నునుపు టేపు ముక్క అంటిస్తే చాలావరకు సర్దుకుంటుంది. పాత డబుల్ బ్యారెల్‌కి ఎర్రటి గట్టి ప్యాడ్ రూపానికి బాగుంటుంది, తన్నుని మాత్రం పెద్దగా మింగదు.

నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి సమాధానం ఇంతే: పొడవు సరిపోయిన వాడుక తుపాకీకి ప్రీ-ఫిట్. పొట్టిదానికి తొడుగు, లేదంటే స్పేసరు వేసిన ప్రీ-ఫిట్. పొడుగు చెక్క స్టాక్‌కి కోసి, పలచటి గ్రైండ్-టు-ఫిట్. పొడుగు ప్లాస్టిక్‌కి పొట్టి స్టాక్ కొనడం. తాతలనాటి తుపాకీకి తోలు. బిగించాక మొదటి రెండు రౌండ్ల (రౌండ్ అంటే 25 పళ్ళాల ఆట) తర్వాత స్క్రూలు ఒకసారి బిగువు చూడండి, కొత్త రబ్బరు అణిగి కాస్త వదులవుతాయి. మెత్తటి ప్యాడ్ ఉన్న తుపాకీని నెలల తరబడి దాని బరువు ప్యాడ్ మీదే పడేలా నిలబెట్టి ఉంచితే రబ్బరు కింది మూల చదునైపోతుంది. సేఫ్‌లో పడుకోబెట్టడానికి చోటుంటే అలాగే ఉంచండి.